39 మందిని ఆపబోతే 31 వేల మంది ఆగిపోయారు

అమెరికాలోని కాన్సస్ రాష్ట్రం 2013 జనవరిలో ఒక నిబంధన అమల్లోకి తెచ్చింది. ఓటరుగా పేరు నమోదు చేయించుకోవాలంటే పౌరసత్వానికి రుజువుగా ఏదో ఒక కాగితం చూపాలి. జనన ధ్రువపత్రమైనా సరే, పాస్‌పోర్టైనా సరే, పౌరసత్వం ఇచ్చినప్పటి పత్రమైనా సరే. వింటే ఇందులో తప్పేముందనిపిస్తుంది. ఓటు పౌరులదే కదా. కానీ 2018లో ఫెడరల్ జడ్జి జూలీ రాబిన్సన్ ముందు విచారణ ముగిసేసరికి రెండు అంకెలు తేలాయి. అంతకు ముందు 19 ఏళ్లలో కాన్సస్ ఓటర్ల జాబితాలోకి చేరిన పౌరులు కానివారు మహా అయితే 39 మంది. కాగితం చూపలేదని నమోదు ఆగిపోయినవారు 31,089 మంది.

ఆ 31 వేల పైచిలుకు మంది కొత్తగా దరఖాస్తు పెట్టుకున్నవారిలో 12 శాతం. వారిలో 40 శాతానికి పైగా ముప్ఫై ఏళ్ల లోపువారు. అత్యధికులు అమెరికా పౌరులే. ఒక్క అనర్హుడికి దాదాపు 800 మంది చొప్పున దెబ్బతిన్నారు. జడ్జి ఆ నిబంధనను కొట్టేశారు. 2020లో అప్పీలు కోర్టు ఆ తీర్పును సమర్థించింది. అదే ఏడాది డిసెంబరులో సుప్రీంకోర్టు కేసును చేపట్టడానికి నిరాకరించింది.

ఎన్నికల చట్టం ఏదైనా సరే, దాన్ని కొలవడానికి ఈ లెక్కకు మించిన సాధనం నాకు కనిపించదు. ఎన్నికలో రెండు రకాల పొరపాట్లు జరుగుతాయి. పడకూడని ఓటు పడటం ఒకటి, పడాల్సిన ఓటు పడకపోవడం రెండోది. ఫలితం మీద రెండింటి ప్రభావమూ సమానమే. ఒక దొంగ ఓటు నా ఓటును ఎలా రద్దు చేస్తుందో, నా ఓటును నమోదు దగ్గరే ఆపేయడమూ అలాగే రద్దు చేస్తుంది. అయినా చట్టసభల్లో మొదటి పొరపాటు గురించి వినిపించినంత గట్టిగా రెండోదాని గురించి వినిపించదు. దొంగ ఓటు వేసినవాడు పట్టుబడితే వార్త అవుతుంది. నమోదు కాక ఇంటికి తిరిగి వెళ్లిపోయిన మనిషి ఎవరికీ కనిపించడు.

ఒక్కో రాష్ట్రంలో ఒక్కో తీరు

మన దేశంలో లోక్‌సభ ఎన్నికలు శ్రీకాకుళంలోనూ శ్రీనగర్‌లోనూ ఒకే చట్టం కింద, ఒకే ఎన్నికల సంఘం చేతి మీదుగా జరుగుతాయి. 2024లో దాదాపు 97 కోట్ల మంది ఓటర్లకు ఆ సంఘమే జాబితా తయారు చేసింది, ఆ సంఘమే తేదీలు ప్రకటించింది. అమెరికాలో అలాంటి సంస్థ లేదు. ఎన్నికల సమయం, స్థలం, పద్ధతి నిర్ణయించే పని అక్కడి రాజ్యాంగం రాష్ట్రాల శాసనసభలకు అప్పగించింది. వాటిని మార్చే అధికారం కాంగ్రెస్‌కు ఇచ్చినా, కాంగ్రెస్ దాన్ని చాలా తక్కువసార్లే వాడింది. అందువల్ల అధ్యక్షుడి ఎన్నికకు కూడా 50 రాష్ట్రాల్లో 50 రకాల చట్టాలు ఉన్నాయి. రాష్ట్రం లోపల పని మళ్లీ కౌంటీలది, కొన్నిచోట్ల ఊళ్లది. మొత్తం మీద ఎన్నికలు నడిపే స్థానిక విభాగాలు 10 వేలకు పైనే. ఒక్క జార్జియాలోనే 159 కౌంటీలు ఉన్నాయి. విస్కాన్సిన్‌లో అయితే దాదాపు 1,850 మంది ఊరి గుమాస్తాలు ఎవరి ఎన్నిక వారు నడుపుకుంటారు.

ఈ చెదిరిన ఏర్పాటు వల్ల ఒక మేలు ఉంది. దేశమంతటినీ ఒకేసారి రిగ్గింగ్ చేయడం ఎవరి తరమూ కాదు. చెరుపు కూడా ఉంది. ఒక రాష్ట్రంలో గెలిచిన పార్టీ అక్కడి ఓటు నియమాలను తనకు అనువుగా దిద్దుకోవచ్చు. వర్ణ వివక్ష చరిత్ర ఉన్న రాష్ట్రాలు, ప్రాంతాలు నియమాలు మార్చాలంటే ముందుగా కేంద్రం అనుమతి తీసుకోవాలనే షరతు 1965 నాటి ఓటు హక్కుల చట్టంలో ఉండేది. ఏయే ప్రాంతాలకు ఆ షరతు వర్తిస్తుందో చెప్పే సూత్రం కాలం చెల్లిందంటూ 2013లో సుప్రీంకోర్టు షెల్బీ కౌంటీ కేసులో కొట్టేసింది. దాంతో షరతు కూడా పనిచేయకుండా పోయింది. ఆ తరువాతి పదేళ్లలో రాష్ట్రాల చట్టాలు అంత విరివిగా మారడానికి అది ముఖ్య కారణం.

గుర్తింపు కార్డు మీద ఇంత గొడవ ఎందుకు

తెలుగు పాఠకులకు ఈ చర్చలో ముందుగా ఆశ్చర్యం కలిగించేది గుర్తింపు కార్డు గొడవ. కార్డు చూపించమంటే అభ్యంతరం ఏమిటని అడుగుతారు. ఆ ప్రశ్న వెనక మన అనుభవం ఉంది. బూత్‌కు వెళ్లేసరికి మన ఓటు ఇంకెవరో వేసేసి ఉండటం, టెండర్ ఓటు అడగాల్సి రావడం మనకు తెలిసిన సంగతులే. ప్రధాన ఎన్నికల కమిషనర్‌గా శేషన్ ఉన్న కాలంలో, 1993లో ఫొటో కార్డులు వచ్చింది అందుకే. మన దగ్గర కార్డు ఇవ్వడం ఎన్నికల సంఘం బాధ్యత.

అమెరికాలో ప్రజలందరికీ ఇచ్చే జాతీయ గుర్తింపు కార్డు లేదు. డ్రైవింగ్ లైసెన్సే చాలామందికి గుర్తింపు. దాదాపు 36 రాష్ట్రాలు పోలింగ్ బూత్‌లో ఏదో ఒక గుర్తింపు అడుగుతాయి. ఏది చెల్లుతుందో, ఏది చెల్లదో రాష్ట్రం ఇష్టం. టెక్సాస్‌లో తుపాకీ లైసెన్సు చెల్లుతుంది, కాలేజీ గుర్తింపు కార్డు చెల్లదు. అసలు గొడవ అక్కడ మొదలవుతుంది.

ఒకరి పేరు మీద ఇంకొకరు బూత్‌కు వచ్చి ఓటేయడం ఎంతగా జరుగుతోంది? లయోలా లా స్కూలు ఆచార్యుడు జస్టిన్ లెవిట్ 2000 నుంచి 2014 వరకు పడిన 100 కోట్లకు పైగా ఓట్లలో నమ్మదగిన ఆరోపణలన్నీ వెతికి 31 ఉదంతాలు లెక్కతేల్చారు. 2008లో ఇండియానా ఫొటో కార్డు చట్టాన్ని సుప్రీంకోర్టు 6-3 తేడాతో సమర్థించినప్పుడు కూడా, ఆ రాష్ట్రంలో అలాంటి మోసం ఒక్కటి జరిగినట్టు రికార్డులో ఆధారం లేదు.

అయితే అవతలి పక్షం వాదనకూ అంకెల పరీక్ష పెట్టాలి. కార్డు అడిగితే పేదలు, నల్లజాతివారు లక్షల్లో ఓటుకు దూరమవుతారని చాలాకాలం గట్టిగా చెప్పారు. ఎన్రికో కాంతోనీ, విన్సెంట్ పాన్స్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2008 నుంచి 2018 వరకు దేశమంతటి ఓటర్ల రికార్డులు, 100 కోట్లకు పైగా నమోదులు తీసుకుని పరిశీలించి 2021లో ఫలితాలు ప్రచురించారు. కఠినమైన కార్డు చట్టాల వల్ల నమోదు గానీ పోలింగ్ శాతం గానీ చెప్పుకోదగినంత తగ్గలేదు, ఏ వర్గంలోనూ తగ్గలేదు. మోసాలూ తగ్గలేదు. ప్రజలకు ఎన్నికల మీద నమ్మకమూ పెరగలేదు. రెండు పార్టీలు ఇరవై ఏళ్లు కొట్టుకున్న చట్టం కొలత వేసి చూస్తే దాదాపు ఎటూ కదపలేదన్నమాట. సగటు కదలకపోయినంత మాత్రాన కార్డు లేక వెనక్కి వెళ్లిన మనిషికి అన్యాయం జరగలేదని కాదు. కానీ చట్టసభల సమయమంతా ఈ ఒక్క కిటికీకి కాపలా కాయడంలో గడిచిపోయింది. ఆ లోపు పెరటి తలుపు సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

నిజంగా దొంగతనం జరిగిన చోట

ఆ తలుపు 2018లో నార్త్ కరోలినాలో తెరుచుకుంది. తొమ్మిదో కాంగ్రెస్ నియోజకవర్గంలో రిపబ్లికన్ అభ్యర్థి మార్క్ హారిస్ డెమొక్రాట్ డాన్ మెక్‌క్రెడీ మీద 905 ఓట్ల మెజారిటీ సాధించారు. పోలైనవి రెండు లక్షల ఎనభై వేలకు పైగా. బ్లేడెన్ అనే చిన్న కౌంటీ అంకెలు మాత్రం పొసగలేదు. అక్కడ పోస్టల్ బ్యాలెట్లు పంపినవారిలో రిపబ్లికన్లుగా నమోదైనవారు 19 శాతం. ఆ పోస్టల్ ఓట్లలో హారిస్‌కు వచ్చినవి 61 శాతం.

విచారణలో సంగతి బయటపడింది. హారిస్ తరఫున డబ్బు పుచ్చుకున్న ఒక స్థానిక ఏజెంటు మనుషులను పెట్టి ఇంటింటికీ తిప్పి, ఓటర్ల దగ్గర బ్యాలెట్లు వసూలు చేయించాడు. కొన్నింటిని ఆ మనుషులే నింపారు, కొన్నింటికి దొంగ సాక్షి సంతకాలు పెట్టారు. ఆ రాష్ట్రంలో దగ్గరి బంధువులు తప్ప ఇతరులు బ్యాలెట్ తీసుకువెళ్లడమే నేరం. 2019 ఫిబ్రవరిలో రాష్ట్ర ఎన్నికల బోర్డు 5-0తో ఆ ఎన్నికను రద్దు చేసి మళ్లీ ఎన్నిక పెట్టించింది.

ఇందులో గమనించాల్సినవి రెండు. బూత్ దగ్గర ఎన్ని కార్డులు అడిగినా ఈ మోసం ఆగేది కాదు, ఎందుకంటే ఆ ఓట్లు బూత్‌కే రాలేదు. ఇక పట్టుబడటానికి కారణమూ ఆ రాష్ట్ర చట్టమే. పోస్టల్ బ్యాలెట్ ఎవరు అడిగారో, ఎవరిది తిరిగి వచ్చిందో అనే వివరాలు నార్త్ కరోలినాలో అందరికీ అందుబాటులో ఉంటాయి. అంకెలు చూడగలిగినవారికి తేడా కనిపించింది. ఫలితాన్ని ధ్రువీకరించకుండా నిలిపివేసి విచారించే అధికారం బోర్డుకు ఉంది, బోర్డు దాన్ని వాడింది. పోస్టల్ ఓటులో మోసం జరగదనేవారికి ఈ కేసు ఒక జవాబు. మోసం జరిగితే ఎవరికీ తెలియదనేవారికీ ఇదే జవాబు.

అంత పెద్ద ఎత్తున మోసం 2020 అధ్యక్ష ఎన్నికలో జరిగిందా? అసోసియేటెడ్ ప్రెస్ విలేకరులు పోటాపోటీగా సాగిన ఆరు రాష్ట్రాల్లో ప్రతి ఎన్నికల కార్యాలయాన్నీ అడిగి, అనుమానం వచ్చిన ప్రతి ఓటునూ లెక్కించారు. పడిన ఓట్లు 2.55 కోట్లు. ఆ రాష్ట్రాల్లో బైడెన్ మొత్తం మెజారిటీ 3,11,257. మోసం జరిగి ఉండవచ్చని అనుమానించినవి 475 కన్నా తక్కువ. వాటిలో పెట్టెలోకి చేరకముందే దొరికిపోయినవి చాలా ఉన్నాయి.

టెక్సాస్ లెక్కలు, మనవాళ్ల పేర్లు

డాలస్, హ్యూస్టన్ చుట్టుపక్కల స్థిరపడిన తెలుగువారికి 2019 జనవరి గుర్తుండే ఉంటుంది. టెక్సాస్ సెక్రటరీ ఆఫ్ స్టేట్ (అక్కడ రాష్ట్ర ఎన్నికల వ్యవహారాలు ఆ పదవిదే) ఓటర్ల జాబితాలో దాదాపు 95,000 మంది పౌరులు కానివారు ఉండవచ్చని, వారిలో 58,000 మంది ఎప్పుడో ఒకప్పుడు ఓటేశారని ప్రకటించారు. దేశమంతా మారుమోగింది. నాలుగైదు రోజులు తిరగకముందే అందులో దాదాపు 25,000 పేర్లు పొరపాటున చేరాయని తేలిపోయింది.

పొరపాటు ఎలా జరిగిందో తెలుసుకోవాలి, ఎందుకంటే అది ఇతర రాష్ట్రాల్లోనూ జరుగుతోంది. లైసెన్సు తీసుకునేటప్పుడు వీసానో గ్రీన్ కార్డో చూపిస్తాం. కార్యాలయం కంప్యూటరులో మనం విదేశీయులుగా నమోదవుతాం. టెక్సాస్‌లో లైసెన్సు అప్పట్లో ఆరేళ్లు చెల్లేది. ఈ లోపు పౌరసత్వం వస్తుంది, ప్రమాణం చేస్తాం, ఓటు నమోదు చేయించుకుంటాం, ఓటూ వేస్తాం. లైసెన్సు కార్యాలయం రికార్డు మాత్రం అలాగే ఉంటుంది. రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టి చూసే అధికారికి మనం దొంగ ఓటర్లుగా కనిపిస్తాం. పుట్టుకతో పౌరులైనవారికి ఈ చిక్కు రాదు. పదేళ్లో పదిహేనేళ్లో నిరీక్షించి పౌరసత్వం పొందినవారికే వస్తుంది. ఆ ఏప్రిల్‌లో రాష్ట్రం రాజీకి వచ్చి ఆ జాబితాను వెనక్కి తీసుకుంది. మే నెలలో ఆ అధికారి పదవి వదులుకున్నారు.

రెండేళ్ల తరువాత టెక్సాస్ ఒక చట్టం చేసింది. పోస్టల్ బ్యాలెట్ కవరు మీద లైసెన్సు నంబరు గానీ సోషల్ సెక్యూరిటీ నంబరులో చివరి నాలుగు అంకెలు గానీ రాయాలి, అది నమోదు సమయంలో ఇచ్చిన నంబరుతో సరిపోవాలి. ముప్ఫై ఏళ్ల కిందట నమోదైన ముసలాయనకు తాను అప్పుడు ఏ నంబరు ఇచ్చాడో ఎలా గుర్తుంటుంది? ఆ నంబరు రాయాల్సిన గడి కూడా కవరు మూత కింద మరుగున ఉంది. 2022 మార్చి ప్రైమరీలో తిరిగి వచ్చిన పోస్టల్ ఓట్లలో 24,636 తిరస్కరించారు. అంటే 12 శాతానికి పైన. అంతకు ముందు ఆ తిరస్కరణ ఒక శాతం దగ్గర ఉండేది. ఫారాలు దిద్ది, ప్రచారం చేశాక నవంబరు నాటికి అది 2.7 శాతానికి దిగింది. చట్టం అదే, ఉద్దేశం అదే. ఫారం ఎలా అచ్చువేశారన్న దాన్ని బట్టి వేల ఓట్లు పోయాయి, వేల ఓట్లు నిలిచాయి. చట్టసభలో దీని గురించి ఎవరూ గంటల తరబడి మాట్లాడరు. మాట్లాడాల్సింది దీని గురించే అంటాను.

జార్జియాలో రెండు చట్టాలు

జార్జియా గురించి మాట్లాడితే అందరూ 2021 మార్చి 25న గవర్నర్ బ్రయన్ కెంప్ సంతకం చేసిన 98 పేజీల చట్టం గురించే మాట్లాడతారు. నేను అంతకు రెండేళ్ల ముందు నుంచి మొదలుపెడతాను.

2002 నుంచి జార్జియా ఓటర్లు కాగితం లేని టచ్ స్క్రీన్ యంత్రాల మీద ఓటేశారు. యంత్రం ఏ అంకె చెబితే అదే ఫలితం. అనుమానం వస్తే మళ్లీ లెక్కపెట్టడానికి ఏమీ ఉండదు. కోర్టు కేసులు నడిచాయి, నిపుణులు హెచ్చరించారు. 2019లో శాసనసభ చట్టం చేసి, 10 కోట్ల డాలర్లకు పైగా ఖర్చుతో కాగితం అచ్చయ్యే యంత్రాలు తెప్పించింది. ఎన్నిక తరువాత తనిఖీ జరపాలని కూడా అందులో రాసింది.

రెండేళ్లు తిరగకముందే దాని విలువ తెలిసింది. 2020 నవంబరులో దాదాపు 50 లక్షల ఓట్లు పోలై, తేడా వేలల్లోకి వచ్చేసరికి రాష్ట్రం ఆ 50 లక్షల కాగితాలనూ చేత్తో లెక్కపెట్టించింది. ఆ లెక్కింపులో నిజంగానే తప్పులు దొరికాయి. ఫ్లాయిడ్ కౌంటీలో 2,500కు పైగా బ్యాలెట్లు స్కాన్ చేయకుండా మిగిలిపోయాయి. ఫాయెట్ కౌంటీలో ఒక మెమరీ కార్డులోని 2,700కు పైగా ఓట్లు కలపలేదు. అవి కలిశాక బైడెన్ ఆధిక్యం దాదాపు 14 వేల నుంచి 12,670కి తగ్గింది. ట్రంప్ కోరిక మీద యంత్రాలతో మళ్లీ లెక్కిస్తే 11,779 దగ్గర నిలిచింది. మూడు లెక్కల్లోనూ విజేత ఒక్కరే. కాబ్ కౌంటీలో 15,118 పోస్టల్ కవర్ల మీద సంతకాలు తనిఖీ చేశారు. మోసం ఒక్కటీ దొరకలేదు. చనిపోయినవారి పేరు మీద దాదాపు 5,000 ఓట్లు పడ్డాయని ట్రంప్ అన్నారు. దర్యాప్తులో తేలినవి నాలుగు.

పాత యంత్రాలే ఉండి ఉంటే? ఫ్లాయిడ్ తప్పు బయటపడేది కాదు. ఆరోపణలకు జవాబు చెప్పడానికి ఒక్క కాగితమూ ఉండేది కాదు. మన దగ్గర వీవీప్యాట్ చీటీల గురించి జరిగిన పోరాటం ఇలాంటిదే. ప్రతి అసెంబ్లీ సెగ్మెంటులో ఒకటికి బదులు ఐదు బూత్‌ల చీటీలు సరిచూడాలని 2019 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించిన కేసులో మొదటి పిటిషనర్ నారా చంద్రబాబు నాయుడు. నూటికి నూరు శాతం చీటీలు లెక్కించాలన్న అభ్యర్థనను 2024 ఏప్రిల్‌లో కోర్టు తోసిపుచ్చింది.

ఇక 2021 చట్టం. పోస్టల్ బ్యాలెట్ కోసం 180 రోజుల ముందు నుంచి దరఖాస్తు పెట్టుకునే వీలు 78 రోజులకు తగ్గింది. ఆఖరి గడువు పోలింగ్‌కు 11 రోజుల ముందుకు జరిగింది. దరఖాస్తు మీద సంతకం పోల్చే పద్ధతి పోయి, గుర్తింపు నంబరు వచ్చింది. బ్యాలెట్లు వేసే డ్రాప్ బాక్సులు లక్ష మంది ఓటర్లకు ఒకటి లెక్కన పరిమితమై, ఆరుబయట నుంచి భవనాల లోపలికి చేరాయి. అట్లాంటా ఉన్న ఫుల్టన్ కౌంటీలో 38 ఉండేవి, పది లోపుకు వచ్చాయి. బూత్ దగ్గర క్యూలో నిలబడినవారికి ఇతరులు నీళ్లు అందించడం నేరమైంది. మరోపక్క ప్రతి కౌంటీలోనూ కనీసం ఒక డ్రాప్ బాక్సు తప్పనిసరి అయింది. ముందస్తు పోలింగ్‌కు రెండు శనివారాలు తప్పనిసరి అయ్యాయి. గంటకు మించి క్యూ ఉన్న పెద్ద బూత్‌లను విడదీయాలి, లేదా యంత్రాలు పెంచాలి అన్న మంచి నిబంధన కూడా ఇందులోనే ఉంది.

ఫలితం ఏమైంది? ఓటింగ్ కుప్పకూలుతుందన్న జోస్యం నిజం కాలేదు. 2018లో 39 లక్షల 50 వేల దాకా పడిన ఓట్లు 2022లో ఇంచుమించు అంతే పడ్డాయి. 2024లో దాదాపు 53 లక్షలు పడ్డాయి, అది రాష్ట్ర చరిత్రలోనే ఎక్కువ. ఆ ఏడు ట్రంప్ లక్షా పదిహేను వేల ఓట్లతో గెలిచారు. పోస్టల్ ఓట్లు మాత్రం 2020 నాటి 13 లక్షల నుంచి 2022లో రెండున్నర లక్షల దాకా పడిపోయాయి. కరోనా భయం తగ్గడం కూడా ఇందుకు కారణమే. జనం ముందస్తు పోలింగ్ బూత్‌లకు మళ్లారు. తెల్లవారికీ నల్లవారికీ మధ్య పోలింగ్ శాతం తేడా 2022లో 2018 కన్నా పెరిగిందని బ్రెన్నన్ సెంటర్ అనే పరిశోధన సంస్థ లెక్కగట్టింది. అందులో ఈ చట్టం వాటా ఎంతో విడదీసి చెప్పడం కష్టం.

అందరూ నీళ్ల సీసాల మీద వాదించుకుంటుండగా అదే చట్టంలోని ఒక వాక్యం ఎక్కువ పని చేసింది. ఏ ఓటరైనా తన కౌంటీలోని మరే ఓటరు అర్హతనైనా ప్రశ్నించవచ్చు, ఎందరినైనా ప్రశ్నించవచ్చు అని చట్టం స్పష్టం చేసింది. తరువాతి రెండేళ్లలో దాదాపు లక్ష మంది మీద అభ్యంతరాలు దాఖలయ్యాయని, అందులో 89,000 కేవలం ఆరుగురు పెట్టినవని ప్రోపబ్లికా విలేకరులు 2023లో బయటపెట్టారు. నిలిచినవి దాదాపు 11 వేలు. మన తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్న కమింగ్ పట్టణం ఫోర్సైత్ కౌంటీలోది. ఆ ఒక్క కౌంటీలోనే 30 వేలకు పైగా అభ్యంతరాలు ఒకే మనిషి నుంచి వచ్చాయి. ఒక్కో పేరునూ కౌంటీ సిబ్బంది పరిశీలించాలి, ఓటరుకు నోటీసు పంపాలి, విచారణ జరపాలి. ఆ సిబ్బందే అదే సమయంలో ఎన్నికకు ఏర్పాట్లు చేయాలి. రాష్ట్రం పౌరసత్వ తనిఖీ చేయించినప్పుడు 82 లక్షల ఓటర్లలో దొరికిన పౌరులు కానివారు 20 మంది. 2024 అక్టోబరులో ఈ అంకె ప్రకటించింది రిపబ్లికన్ అయిన సెక్రటరీ ఆఫ్ స్టేట్ బ్రాడ్ రాఫెన్‌స్పెర్గరే.

జాబితా శుభ్రంగా ఉండాలన్నది న్యాయమైన కోరికే. చనిపోయినవారి పేర్లు, ఊరు మారినవారి పేర్లు తీసేయాల్సిందే. దానికి ఎరిక్ అనే అంతర్రాష్ట్ర ఏర్పాటు 2012 నుంచి ఉంది. సభ్య రాష్ట్రాలు లైసెన్సు, మరణాల రికార్డులు పంచుకుని, ఎవరు ఏ రాష్ట్రానికి మారారో, ఎవరు రెండుచోట్ల ఓటేశారో కనిపెడతాయి. ఎన్నికల స్వచ్ఛత గురించి ఎక్కువగా మాట్లాడిన తొమ్మిది రాష్ట్రాలు 2022, 2023 సంవత్సరాల్లో దాని నుంచి బయటికి వెళ్లిపోయాయి. ఆ తొమ్మిదింటిలో టెక్సాస్, ఫ్లోరిడా, ఒహాయో ఉన్నాయి. ఇది నాకు అన్నిటికన్నా బాధ కలిగించే సంగతి.

ఎప్పుడు లెక్కపెట్టాలి

పెన్సిల్వేనియా చట్టం ప్రకారం పోస్టల్ కవర్లు పోలింగ్ రోజు ఉదయం 7 గంటలకు ముందు తెరవకూడదు. ఫ్లోరిడాలో 2020లో మూడు వారాల ముందు నుంచే తెరిచి సిద్ధం చేసుకునే వీలుండేది. ఆ ఏడు ఫ్లోరిడాకు వచ్చిన పోస్టల్ ఓట్లు దాదాపు 48 లక్షలు, పెన్సిల్వేనియాకు 26 లక్షలు. ఫ్లోరిడా ఫలితం ఆ రాత్రే తెలిసింది. పెన్సిల్వేనియాలో బుధవారం ఉదయానికి ట్రంప్ దాదాపు 7 లక్షల ఆధిక్యంలో ఉన్నారు. పోస్టల్ ఓట్లు లెక్కించే కొద్దీ అది కరిగిపోయి, శనివారానికి బైడెన్ గెలిచినట్టు తేలింది. తుది మెజారిటీ 80,555. ఆ నాలుగు రోజుల్లో పుట్టిన అనుమానం ఇంకా చల్లారలేదు. అక్కడ ఒక్క దొంగ ఓటూ అవసరం లేకుండానే, కవరు ఏ రోజు తెరవాలన్న చిన్న నిబంధన దేశం నమ్మకాన్ని దెబ్బతీసింది. 2000 అధ్యక్ష ఎన్నికలో 537 ఓట్ల తేడాతో ప్రపంచమంతటి ముందు తల వంచుకున్న ఫ్లోరిడా ఆ తరువాత తన పద్ధతులు దిద్దుకుంది. పెన్సిల్వేనియాలో ఆ సవరణ కోసం కౌంటీల అధికారులు ఏళ్ల తరబడి అడిగినా 2024 ఎన్నిక కూడా పాత నిబంధన కిందే జరిగింది.

చివరి సంతకం

ఓట్లు లెక్కించాక కౌంటీ బోర్డు ఆ లెక్కను ధ్రువీకరించాలి. ఎన్నో దశాబ్దాలు దీన్ని ఎవరూ పట్టించుకోలేదు. 2022 జూన్‌లో న్యూ మెక్సికోలోని ఓటెరో కౌంటీ, నవంబరులో అరిజోనాలోని కోచీస్ కౌంటీ యంత్రాల మీద అనుమానం చెప్పి సంతకం చేయలేదు. కోర్టులు ఆదేశించాక చేశాయి. జార్జియాలో 2024 ఆగస్టు, సెప్టెంబరుల్లో రాష్ట్ర ఎన్నికల బోర్డు సంతకానికి ముందు కౌంటీ సభ్యులు విచారణ జరుపుకోవచ్చని ఒక నియమం, బూత్‌లలో బ్యాలెట్ల సంఖ్యను చేత్తో లెక్కించాలని ఇంకో నియమం చేసింది. రెండోది 3-2తో నెగ్గింది. అప్పటికి ఎన్నికకు నెలన్నరే ఉంది. అక్టోబరులో కోర్టులు వాటిని ఆపేశాయి. గడువులోగా ధ్రువీకరించడం సభ్యుల విధి అని, ఇష్టమైతే చేసే పని కాదని జడ్జి రాబర్ట్ మెక్‌బర్నీ తీర్పు చెప్పారు. 2025 జూన్‌లో జార్జియా సుప్రీంకోర్టు ఏడు నియమాల్లో నాలుగింటిని చెల్లవని తేల్చింది. 905 ఓట్ల కేసులో నార్త్ కరోలినా బోర్డు ధ్రువీకరణ ఆపిందంటే, దాని వెనక విచారణ ఉంది, సాక్షులున్నారు, 5-0 ఓటు ఉంది. ఒక సభ్యుడికి నచ్చలేదని సంతకం ఆగిపోయే పద్ధతి దానితో సరితూగదు.

కేంద్ర చట్టాల్లో పౌరులకు రక్షణగా ఉన్నవి కొన్నే. 1993 నాటి ఓటరు నమోదు చట్టం ప్రకారం ఫెడరల్ ఎన్నికకు 90 రోజుల లోపు జాబితా నుంచి మూకుమ్మడిగా పేర్లు తీయకూడదు. 2024 ఆగస్టు 13న, పోలింగ్‌కు 84 రోజుల ముందు, అలబామా 3,251 మందిని పౌరులు కానివారన్న అనుమానంతో పక్కన పెట్టింది. వారిలో 2,000 మందికి పైగా అర్హులేనని తేలింది. అక్టోబరులో కోర్టు ఆ తొలగింపును ఆపింది. అదే నెలలో వర్జీనియా దాదాపు 1,600 పేర్లు తీసిన కేసులో సుప్రీంకోర్టు రాష్ట్రం వైపు నిలిచి, తొలగింపును సాగనిచ్చింది.

అమెరికా పౌరసత్వం పొందిన తెలుగువారు ఈ అంకెల్లో ఎక్కడున్నారో ఇప్పటికి అర్థమయ్యే ఉంటుంది. ప్రమాణం చేసి వచ్చాక జాప్యం చేయకుండా లైసెన్సు కార్యాలయంలో, సోషల్ సెక్యూరిటీ కార్యాలయంలో తమ స్థితి మార్పించుకోవాలి. పేరు జాబితాలో ఉందో లేదో నమోదు గడువుకు ముందే చూసుకోవాలి. ఆ గడువు టెక్సాస్‌లో పోలింగ్‌కు 30 రోజుల ముందు, జార్జియాలో 29 రోజుల ముందు ముగుస్తుంది. కౌంటీ నుంచి నోటీసు వస్తే అందులోని తేదీలోగా జవాబివ్వాలి. బూత్‌లో పేరు లేదంటే వెనుదిరగకుండా ప్రొవిజనల్ బ్యాలెట్ అడగాలి. 2002 నుంచి అది ఫెడరల్ చట్టం ఇచ్చిన హక్కు. జార్జియాలో ఆ తరువాతి మూడు రోజుల్లో కాగితాలు చూపిస్తే ఆ ఓటు లెక్కలోకి వస్తుంది.